ఐదు కుక్కపిల్లలు, ఐదు శనక్కాయల మూటలు

గొప్ప కేసులన్నీ డాక్టర్లవి. అటెండర్లకు మిగిలేవి తప్పులు. పశువుల ఆసుపత్రుల్లో కొత్తగా చేరే పిల్లల కోసం నా తప్పుల్లో ఒకటి రాస్తున్నాను. చదివి నవ్వితే నవ్వండి, నాకేం నష్టం లేదు. నవ్విన తర్వాత మాత్రం, చల్లబడిన కుక్కపిల్ల నోట్లో పాలు పోసే మనిషి మీలో ఒక్కరూ మిగలకూడదు.

మా ఆయన పశువుల ఆసుపత్రిలో అటెండర్‌గా ఉంటూనే పోయాడు. ఆ ఉద్యోగం నాకిచ్చారు. అప్పటికి నాకు సంతకం గీయడం ఒక్కటే వచ్చు. రాయడం అనడం లేదు, గీయడం అంటున్నాను. ముగ్గు మాదిరి, ఏ గీత తర్వాత ఏ గీత వస్తుందో గుర్తుపెట్టుకుని గీసేదాన్ని. రాయదుర్గం దాటి, కన్నడ మాట వినబడే ఊళ్ల మధ్య ఉండేది మా ఆసుపత్రి. రెండు గదులు, ముందొక రేకుల చావడి. ఊడ్చడం, సూదులు ఉడకబెట్టడం, సూది వేసేటప్పుడు పొట్టేలు కొమ్ములు పట్టుకోవడం నా పని. కొమ్ములు పట్టుకోవడానికి అక్షరాలు ఎందుకు? అలాగే ఏళ్లు గడిపేశాను.

మా కాంపౌండర్ సర్వీసులో నాకంటే పదేళ్లు పెద్ద. మంచి మనిషి. ఎద్దు కన్నీరు పెట్టినా తనూ పెట్టే రకం. ఆయనకు ఉన్నది ఒకటే జబ్బు, నోరు ఊరికే ఉండదు. అన్నం తిన్నాక శనక్కాయలు, బెల్లం ముక్క లేకపోతే ఆయనకు పొద్దు గుంకదు. ఎక్కడున్నాడో అడగనక్కర్లేదు, రాలిన పొట్టు వెంట నడిచి పోతే దొరుకుతాడు.

డాక్టరు గారు కృష్ణా జిల్లా వైపు నుంచి కొత్తగా వచ్చిన కుర్రాయన. చదువు బాగా ఉంది. మా మాటే సగం అర్థమయ్యేది కాదు. రైతు చెప్పిందాన్ని నేను ఆయనకు, ఆయన చెప్పిందాన్ని రైతుకు చెప్పేదాన్ని. తెలుగు నుంచి తెలుగుకే.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో, శనక్కాయల కళ్లాలు అయిపోయి చలి ముదిరిన రోజుల్లో, ఒక పొద్దున గొర్రెల కాపరి ఒకాయన నెత్తిన గంప పెట్టుకుని వచ్చాడు. అరవై దాటిన మనిషి. వెనకే ఒక ఆడకుక్క, ముసలిది, ఒక చెవి సగమే ఉంది. గంప దించితే అందులో ఐదు కుక్కపిల్లలు. పుట్టి మూడు రోజులు. ఇంకా కళ్లు తెరవలేదు.

"ఏడు పెట్టింది సార్. రెండు పోయినాయి. పోయిన ఈతలో ఆరుకి ఆరూ పోయినాయి. పుట్టినప్పుడు బాగనే ఉంటాయి. రెండు దినాలకి కుయ్యి కుయ్యిమని మూలుగుతాయి, పాలు ఇడుస్తాయి, సల్లగైతాయి. ఎవురి కన్ను తగిలిందో ఏమో" అన్నాడు.

డాక్టరు ఒక్కో పిల్లను చేతిలోకి తీసుకుని చూశాడు. బొడ్డు చూశాడు, నోరు తెరిచి చూశాడు. "పగలు వీటి తల్లి ఎక్కడుంటుంది?" అని అడిగాడు.

"మంద ఎంబడి పోతాది. మాపటికి వస్తాది."

"మరి పిల్లలు?"

"గంపలో. ఈ పొద్దు ఒకరి సేన్లో మంద పెడతాం, రేపు ఇంగొకరి సేన్లో. గొర్రెల ఎరువు కోసరం రైతులు పిలుస్తారు గదా. గాడిద మింద గంప పెట్టుకుని పోతాండాం."

డాక్టరుకు విషయం తెలిసిపోయింది. ఆయన చెప్పిందాన్ని నేను కాపరికి మా మాటలో చెప్పాను. పుట్టిన పిల్లకు రెండు వారాల దాకా సొంత వేడి ఉండదు. తల్లి కడుపే దాని కుంపటి. తల్లి పగలంతా మంద వెంట పోతే, పిల్లలు గంపలో గాలికి చల్లబడతాయి. చల్లబడితే పాలు పీల్చే ఓపిక పోతుంది. పీల్చకపోతే పిల్ల ఇంకా చల్లబడుతుంది. అలా జారిపోతుంది. తల్లికి పురుగులున్నా, పడక మురికిగా ఉన్నా ఇంకా తొందరగా జారుతుంది. కన్ను తగలడమూ లేదు, గాలి సోకడమూ లేదు.

"తల్లినీ పిల్లల్నీ పదిహేను రోజులు ఇక్కడ వదిలిపో" అన్నాడు డాక్టరు.

కాపరి కుక్క వైపు చూశాడు. తర్వాత నాతో అన్నాడు. "ఇది ల్యాకపోతే తోడేలు మందలోకొచ్చి సుట్టం మాదిరి కూసుంటాదమ్మా. ఆ సెవి ఎట్ల పోయిందనుకుంటివి? దీనికి ముసలితనం వచ్చె. ఇదే ఆకరి ఈత. దీని కడుపున ఒక్కటన్నా మిగలకుంటే నా మంద పని ఐపోయినట్టే."

తలపాగా విప్పి మళ్లీ చుట్టుకున్నాడు. "సరే పో. పదైదు దినాలు నేనే కుక్కనైతా" అని కర్ర తీసుకుని వెళ్లిపోయాడు.

అంత నమ్మకం మీద వదిలిపోయాడన్న మాట. అది గుర్తుపెట్టుకుని తర్వాతది చదవండి.

డాక్టరు ఒక చెక్కపెట్టె తెప్పించాడు. కింద శుభ్రమైన గోనె, పైన ఒక మూల బల్బు. తల్లికి పురుగుల మందు తాగించాడు. తర్వాత నా చేతికి ఒక కొత్త నోటుపుస్తకం ఇచ్చాడు.

"నేను గొర్రెల టీకాలకు మూడు రోజులు ఊళ్లమీద తిరగాలమ్మా. నాలుగోరోజు పొద్దున్నే వస్తాను. రోజూ పొద్దున్నే ఒక్కో పిల్లను తూచి ఇందులో రాయి. రోజురోజుకూ పెరగాలి. ఒక్కరోజు పెరగలేదంటే అది జారిపోతోందన్నమాట. మన కంటికి తెలియకముందే తక్కెడకు తెలుస్తుంది. ఏ ఒక్కటి తగ్గినా ఎదురుగా కొట్లోంచి ఫోన్ చేయించు."

"అట్లనే సార్" అన్నాను. రాయడం రాదని చెప్పడానికి నోరు రాలేదు. కుర్రాయన, నా కొడుకు వయసు. ఆయన ముందు ఎలా చెప్పను?

ఎదురుగా శనక్కాయల వ్యాపారి కొట్టుకెళ్లి చేతి తక్కెడ అడిగి తెచ్చాను. రాళ్లు కూడా ఇచ్చాడు, అంటే తూకం రాళ్లు. వాటి మీద పోసిన అంకెలు నాకు పురుగుల్లా కనబడ్డాయి. అవి తిరిగిచ్చేసి, ఒక చేటెడు శనక్కాయలు అడుక్కున్నాను. ఐదు పాతగుడ్డ సంచులు కుట్టాను. ఐదు రంగుల దారాలు తీసి ఒక్కో పిల్ల మెడకు వదులుగా ఒకటి, దాని సంచికి అదే రంగుది ఒకటి కట్టాను. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, తెలుపు, నలుపు. ఒక తట్టలో పిల్ల, ఒక తట్టలో సంచి. ముల్లు నడిమికి వచ్చేదాకా సంచిలో కాయలు పోసి మూతి బిగించాను. ఇంకేముంది? పిల్ల ఎంతో మూట అంత. మరునాడు పిల్ల వైపు వాలితే పెరిగింది, మూట వైపు వాలితే తగ్గింది. మూటను మళ్లీ పిల్లకు సరిచేసి పెట్టుకుంటే ఆ మరునాటికి తయారు.

చదువుకున్నవాళ్లకు కూడా తట్టదు ఇది, అనుకున్నాను. మూటల్ని మందుల గదిలో అలమారా కింద అరలో వరసగా పెట్టాను. గర్వంతో ఆ వేళ నాకు అన్నం కూడా ఎక్కువ పట్టింది.

మొదటి పొద్దున తూచాను. ఐదూ పిల్లల వైపే వాలాయి. మూటల్లో కాయలు కలిపాను. రెండో పొద్దునా అంతే. ఆ రోజు కాపరి మందను దూరంగా ఎవరికో అప్పగించి ఉరుకులు పరుగుల మీద వచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి, నిద్ర లేదు.

"ఎట్లుండాయమ్మా?"

"బంగారం మాదిరి ఉండాయి. తూకం ఏస్తాండా గదా! దినదినానికి పెరగతాండాయి. నువ్వు పో, గొర్రెలు కాసుకో" అన్నాను.

ఆయన మొహం వెలిగింది. పెట్టెలోకి తొంగిచూశాడు. "ఆ నల్లదారంది ఎందుకు దూరంగా పండుకోనుండాది?" అన్నాడు.

"సెక్కకు ఆనుకోని నిద్రపోతాండాది. మనుషుల్లో ఉండరా అట్లాంటోళ్లు" అన్నాను.

ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. ఐదుగురు బిడ్డల్ని కని, పదిమంది పురుళ్లు చూసిన మనిషిని. తల్లి పక్క వదిలి దూరంగా పడుకునే పసిబిడ్డ బాగున్నట్టు కాదని నా చేతికి తెలుసు, కంటికి తెలుసు. తక్కెడ పెరిగిందంటోంది కాబట్టి చేతినీ కంటినీ నోరు మూసుకోమన్నాను.

మూడో పొద్దున నల్లదారం, తెల్లదారం రెండూ కుయ్యిమంటున్నాయి. తూచాను. పెరిగాయి. ఊరుకున్నాను.

నాలుగో పొద్దున కరెంటు లేదు. పెట్టె దగ్గరికి వెళితే మూడు పిల్లలు తల్లి కడుపులో తల దూర్చి ఉన్నాయి. నల్లదారం, తెల్లదారం చెరొక మూల పడి ఉన్నాయి. పట్టుకుంటే తడిగుడ్డ పట్టుకున్నట్టుంది. తెల్లదాని నోరు కొంచెం తెరిచి ఉంది. నల్లదాన్ని తక్కెడలో పెట్టాను.

పిల్ల వైపే వాలింది!

సగం చచ్చిన పిల్ల పెరిగిందని చెబుతోంది తక్కెడ. అప్పుడు మూట వంక చూశాను. మొదటి రోజు ఆ సంచి మూతి కట్టడానికి గుడ్డ చాలక అవస్థ పడ్డాను. మూడు రోజులు కాయలు కలుపుతూ వచ్చాను. మరి ఇప్పుడు ముడి పైన రెండు వేళ్ల గుడ్డ వదులుగా వేలాడుతోంది. కలిపేకొద్దీ చిక్కిపోయే మూటను ఎక్కడన్నా చూశారా?

అలమారా వెనక్కి వంగి చూశాను. పొట్టు. దోసిళ్లకొద్దీ పొట్టు.

"అన్నా!" అని నేను వేసిన కేకకు చావడిలో కట్టేసిన బర్రె బెదిరింది. కాంపౌండర్ వచ్చాడు. దవడ ఆడుతూనే ఉంది.

"ఈ మూటల్లో శెనక్కాయలు తింటివా నువ్వు?"

"తింటి. ఏం, ఇత్తనాలకు పెట్టుకున్యావా? ఒక్క మూటలోనే తీస్తే తెలుస్తాదని అన్నింట్లో సమానంగా పిడికెడు పిడికెడు తీసినా. అన్నేయం సెయ్యలే."

ఆ న్యాయమే మా కొంప ముంచింది. ఒక్క మూటలో తిని ఉంటే ఆ ఒక్క తూకం చూసి అనుమానం వచ్చేది. రోజూ ఐదింట్లో సమానంగా తినేసరికి, పెరిగిన పిల్లా పెరిగింది, తగ్గిన పిల్లా పెరిగింది.

విషయం చెప్పగానే ఆయన నోట్లో ఉన్నది మింగలేక, ఉమ్మలేక నిలబడ్డాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. సరిగ్గా అప్పుడే డాక్టరు బస్సు దిగి వచ్చాడు. ఆయన వెనకే కాపరి, చేతిలో చెంబు నిండా మేకపాలు.

కాపరి పిల్లల్ని చూశాడు. కూర్చుని, గుడ్డపీలిక పాలల్లో ముంచి నల్లదాని నోటి దగ్గర పెట్టబోయాడు.

"వద్దు! పొయ్యొద్దు!" అని డాక్టరు ఆయన చెయ్యి పట్టుకున్నాడు. "చల్లబడిన కడుపులో పాలు అరగవు. పీల్చే ఓపిక లేనప్పుడు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ముందు వేడి. ఆ తర్వాతే పాలు."

కరెంటు లేదు, బల్బు లేదు. ఖాళీ గ్లూకోజు సీసాల్లో వేడినీళ్లు పోసి, గుడ్డ చుట్టి పెట్టె చుట్టూ పేర్చాను. కాపరి భుజాన ఉన్న కంబళి తీసి తల్లి మీదా మిగతా మూడు పిల్లల మీదా కప్పాడు. చల్లబడిన రెండింటికి మనిషి ఒళ్లే మేలన్నాడు డాక్టరు. ఒక్కసారిగా వేడి తగలకూడదు, మెల్లగా ఎక్కాలి. తెల్లదాన్ని నేను పైట కింద కడుపుకు ఆనించుకున్నాను. నల్లదాన్ని కాంపౌండర్ అడిగి మరీ తీసుకుని, చొక్కా గుండీలు విప్పి బనియన్ లోపల పెట్టుకున్నాడు.

పని ఆగదు కదా. అప్పటికే చావడిలో మేకలు, బర్రెలు వచ్చి ఉన్నాయి. కాంపౌండర్ ఒక చేత్తో పొట్ట కింద పట్టుకుని, ఇంకో చేత్తో మందులు ఇస్తున్నాడు. మేకను తోలుకొచ్చిన ఒక అవ్వ ఆయన్ని పైనించి కిందికి చూసింది.

"ఏం నాయనా, ఎన్నో నెల?" అంది.

"నిండినాయవ్వా. ఈ పొద్దో రేపో" అన్నాడు ఆయన, ఏడుస్తూనే.

డాక్టరు పది నిమిషాలకొకసారి వచ్చి, గ్లూకోజు నీళ్లలో వేలు ముంచి ఆ రెండు పిల్లల చిగుళ్లకు ఒక్క బొట్టు రాసి పోయేవాడు. ఎండెక్కేసరికి నా కడుపు మీద పిల్ల ఒకసారి కాలు తన్నింది. సంబరపడ్డాను. అదే దాని ఆఖరి కదలిక. నేను చెప్పకముందే డాక్టరుకు నా మొహం చూస్తే తెలిసింది. తెల్లదారం విప్పి కొంగున ముడేసుకున్నాను.

తర్వాత కాపరి ముందు నిలబడి అంతా చెప్పాను. రాయడం రాదని, ఆ సంగతి దాచానని, మూటలు, శనక్కాయలు, మొన్న నేను చెప్పిన బంగారం మాట అబద్ధమని. తిట్టమనే చెప్పాను.

ఆయన చాలాసేపు నేలమీద కర్రతో గీతలు గీశాడు. "తోడేలు నుంచి కాపాడుకుంటాండా గానీ, శెనక్కాయలు కూడా పిల్లలనెత్తకపోతాయని నాకేమెరిక" అన్నాడు. మళ్లీ తనే అన్నాడు. "నా కాడ ఎనిమిది సచ్చె, నీ కాడ ఒగటి. నువ్వే మేలు లే."

అప్పుడే కాంపౌండర్ గావుకేక పెట్టాడు. "కరిసింది సార్! పండ్లు ల్యాకుండానే కరిసింది! నా కాడ పాలకు ఎతుకుతాండాది!"

చావడిలో ఉన్నవాళ్లంతా గొల్లున నవ్వారు. డాక్టరు పరుగున వచ్చి బనియన్‌లోంచి పిల్లను తీసి చూశాడు. వెచ్చగా ఉంది. మూతి చాచి అటూ ఇటూ తిప్పుతోంది. తీసుకెళ్లి తల్లి వెనక కాళ్ల దగ్గరి చన్నుకు పెట్టాడు, అక్కడ పాలు ఎక్కువ కాబట్టి. అందరం పెట్టె చుట్టూ వంగాం. ముసలికుక్క తల తిప్పి పిల్లను ఒకసారి నాకింది. పిల్ల పట్టుకుంది. గుటక గుటకకూ దాని చిన్న వీపు కదలడం చూసి, కాపరి తలపాగా తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

ఆ మధ్యాహ్నం డాక్టరు ఖాళీ నోటుపుస్తకం నా ముందు పెట్టాడు. "రాదని నాతో చెప్పి ఉండొచ్చు కదమ్మా?"

"సిగ్గు సార్."

"మీ ఊరి భాష నాకు రాదని ఈ ఊళ్లో మేకలకు కూడా తెలుసు. నేనేమన్నా సిగ్గుపడుతున్నానా?"

ఆయన సుద్దముక్క తీసుకుని, పెట్టె పక్కన గోడమీద సున్నా నుంచి తొమ్మిది దాకా రాశాడు. పది బొమ్మలు, అంతే. ముగ్గుల్లో ఇంతకంటే కష్టమైనవి వేసేదాన్ని. మళ్లీ కొట్టుకెళ్లి తూకం రాళ్లు తెచ్చాను. పురుగులు ఒక్కొక్కటే అంకెలయ్యాయి. వారం తిరిగేసరికి నాలుగు పిల్లల బరువు నేనే రాశాను. పెద్దల కోసం సాయంత్రంపూట నడిపే బడికి అంతకుముందు పేరు రాయించి ఎగ్గొట్టినదాన్ని, మళ్లీ వెళ్లాను. ముందు "అమ్మ" రాయమంది పంతులమ్మ. ముందు "నల్లదారం" రాస్తానన్నాను. "అంత పెద్దమాట ఎందుకమ్మా మొదట్లోనే?" అంది. "నాకు కావాల్సింది అదే" అన్నాను. మూడు రోజులు పట్టింది.

కాంపౌండర్ ఆ పదిహేను రోజుల్లో మిగిలినన్నాళ్లూ శనక్కాయ ముట్టలేదు. నేను నమ్మలేదు గానీ, పొట్టు కనబడలేదు.

పదిహేనో రోజుకు నాలుగు పిల్లలూ కళ్లు తెరిచి, ఒకదాని మీద ఒకటి ఎక్కి, పెట్టె తిరగేసేటట్టు తయారయ్యాయి. కాపరి వచ్చాడు. ఒంటి మీద ఇన్ని కంపచెట్ల గీతలు. "ఎన్ని గొర్రెలు పోయినాయి?" అని భయపడుతూ అడిగాను. "ఒగటి కూడా పోలేదు. రెండు దినాలు నేను మొరిగినా గూడా" అన్నాడు. నిజమో అబద్ధమో ఆ తోడేళ్లకే తెలియాలి. ఈసారి పిల్లలతో పాటు తల్లిని కూడా ఇంటి దగ్గరే ఇంకో రెండు వారాలు ఉంచాలని, పడక ఎండలో వేయాలని, తల్లికి మళ్లీ ఎప్పుడు మందు పట్టాలో చెప్పి పంపాం. విన్నాడు. అంత శ్రద్ధగా విన్న మనిషిని నేను మళ్లీ చూడలేదు.

రెండేళ్లకు అనుకుంటా, ఒక పొద్దున చావడిలో నేను రిజిస్టరు రాస్తున్నాను. అవును, నేనే. నెత్తిన గంపతో అదే కాపరి వచ్చాడు. వెనక నల్లటి ఆడకుక్క, రెండు చెవులూ నిండుగా ఉన్నాయి. కాంపౌండర్ బనియన్‌లో పెరిగిన పిల్ల అది. ఆయన్ని గుర్తుపట్టినట్టు నేరుగా వెళ్లి కాళ్ల దగ్గర కూర్చుంది. "నా బిడ్డ!" అని ఆయన మళ్లీ కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

గంపలో ఆరు పిల్లలు. పుట్టి పన్నెండు రోజులట.

"ఏమైంది పెద్దాయనా?" అని కంగారుగా లేచాను.

"ఏం కాలే. సూపిచ్చి పోదామని వస్తి. ఆరుకి ఆరూ ఉండాయి. ఈ పన్నెండు దినాలు తల్లిని మంద ఎంబడి పంపకుండా ఇంటికాడే పెట్టినా."

డాక్టరు కూడా బయటికి వచ్చాడు. గంపలో పిల్లల పక్కన ఆరు గుడ్డ మూటలు. ఒక్కోదానికి ఒక్కో రంగు దారం. చూడగానే నాకు నవ్వూ వచ్చింది, గుండె కూడా ఝల్లుమంది. తక్కెడ తెచ్చి ఒక్కో పిల్లనూ దాని మూటతో తూచాను. నిన్నటి మూటల కంటే ఈ రోజు ఆరుకి ఆరు పిల్లలూ కిందికి వాలాయి. తర్వాత తూకం రాళ్లతో తూచి బరువులు పుస్తకంలో రాసి, ఆయనకు చదివి వినిపించాను. కాపరి నా రాతను చాలాసేపు చూశాడు, తల ఊపాడు, తన మూటల్ని చూసుకుని మళ్లీ ఊపాడు.

ఇంతలో, పాత అలవాటు ఎక్కడికి పోతుంది, కాంపౌండర్ చెయ్యి తనకు తెలియకుండానే ఒక మూట ముడి విప్పి లోపలికి పోయింది. పిడికిలి బయటికి తీసి తెరిచి చూసుకున్నాడు. వంక ఒడ్డున ఏరిన గులకరాళ్లు.

వానలకు కరువు గానీ, మా సీమలో రాళ్లకు ఎన్నడన్నా కరువుందా? గడప దాటితే రాళ్లే. అయినా ఆనాడు ఆసుపత్రిలో ఉన్న ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు.

కాపరి గంప ఎత్తుకుంటూ కాంపౌండర్ భుజం తట్టాడు.

"రాళ్లయితే ఎవురూ తినరు గదన్నా."